నక్షాలో ఎనిమిది గుడారాలు

మొదటి నక్షాలో పన్నెండు గీశాను.
విండ్‌హుక్‌లో, ఏసీ గదిలో.
కాగితానికి గాలి తగలదు కాబట్టి
అన్నీ నిటారుగా నిలబడ్డాయి.

ఇక్కడికొచ్చాక పెన్సిల్ కన్నా
రబ్బరే ఎక్కువ అరిగింది.

ఒకవైపు అట్లాంటిక్, చల్లగా, కోపంగా.
ఇంకోవైపు ఇసుక, ఇసుక వెనక ఇసుక.
మధ్యలో పొగమంచు,
పిలవని చుట్టంలా తెల్లారకముందే దిగి
పదిన్నర దాకా కదలదు.
వాన సంగతి అడిగితే
ఎలియాస్ గోరసెబ్ వేళ్లు మడుస్తూ
ముప్పై ఏళ్లలో తను చూసినవన్నీ లెక్కపెట్టాడు.
రెండో చెయ్యి అవసరం పడలేదు.

గుడారం బట్టకి పద్ధెనిమిది నమూనాలు తెచ్చాను,
అన్నీ ఇసుక రంగే.
ఆరింటికి ఒకటి కలిసేది, ఆరున్నరకి ఇంకొకటి,
మధ్యాహ్నానికి పద్ధెనిమిదీ తప్పే.
ఒకరోజు గోరసెబ్ భార్య ఇర్మ్‌గార్డ్
టీ వడగట్టే గుడ్డ తీగ మీద ఆరేసింది.
నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే
తీగ ఉంది, గుడ్డ లేదు.
ఆ రంగుకి పేరేమిటో నాకు తెలియదు.
గుడ్డనే కవర్లో పెట్టి మిల్లుకి పంపాను.

ఉప్పు తిన్నవాళ్లకి విశ్వాసం ఉంటుందంటారు.
మా జిప్పులకి లేదు.
మూడు వారాలు ఉప్పు తిని
నాలుగో వారం నోరు తెరవమన్నాయి.
పీకేశాం. ముడులు, కొయ్య గుండీలు.
మేకులూ మానేశాం, ఇసుకలో మేకంటే
నీళ్లలో గీత.
ఇసుకనే గోనెసంచుల్లో నింపి
ఇసుకకే కట్టాం.
నైరుతి గాలి లేచిన రాత్రి
నడిమి కంబాన్ని కావలించుకుని కూర్చున్నాను,
నేను పట్టుకుంటే ఆగేదైనట్టు.

డబ్బు పెట్టిన బ్రాండ్‌హోర్స్ట్ గారు ఫోన్ చేశారు.
ప్రతి గుడారంలో రాగి తొట్టె ఉండాలి,
సముద్రాన్ని చూస్తూ మునిగేంతది.
లెక్క కట్టాను.
ఒక తొట్టెకి నూట తొంభై లీటర్లు.
మా పొగమంచు వల రాత్రంతా
చుక్క చుక్క కూడబెట్టి
పొద్దున అప్పగించేది నలభై.
ఇర్మ్‌గార్డ్ విని నవ్వలేదు.
"వచ్చేవాళ్లు అంత మురికిగా ఉంటారా?"
అని మాత్రం అడిగింది.
పన్నెండు పదయ్యాయి.
తొట్టెలు బకెట్లయ్యాయి. బకెట్లు రాగివే,
అక్కడ నేను ఓడిపోయాను.

నాలుగో గుడారం చోట
గోరసెబ్ మోకాళ్ల మీద వంగాడు.
దుమ్ములగొండి దారట అది.
సీల్ పిల్లల కోసం రాత్రిళ్లు ఒడ్డుకి పోతుంది,
తన తల్లి నడిచిన దారినే, అడుగు తప్పకుండా.
"జరుపుదామా?" అన్నాను.
"దాన్నా, నిన్నా?" అన్నాడు.
మళ్లీ రబ్బరు.
దానికో, పక్కదానికో ఎడం చాలక
చివరికి ఎనిమిది మిగిలాయి.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను.
ఆగస్టులో స్వాకోప్‌ముండ్ నుంచి సామాను లారీ
మంచులో రాళ్ల గుర్తు కనపడక
పక్కకి దిగింది.
అక్కడ నేలంతా లైకెన్.
రాళ్ల మీద నారింజ రంగు పొక్కులా
చచ్చినట్టే పడి ఉంటుంది,
తడి తగిలితే ఒళ్లు విరుచుకుంటుంది,
ఏడాదికి గోరు మందం కూడా పెరగదు.
డ్రైవర్ కుర్రాడు హఫేని దిగి చూసి
తల పట్టుకుని చక్రం పక్కనే కూలబడ్డాడు.
నేను తిట్టలేదు. తిడితే చెరిగేది కాదు.
గోరసెబ్ కొంచెం అవతల ఇంకో జత గీతలు చూపించాడు.
ఎద్దుబండివి, వాళ్ల తాత పుట్టకముందువి.
బండి నిన్ననే వెళ్లినట్టుంది.

కొలిచాను. నలభై ఒక్క మీటర్లు.

గుడారాలు ఒక పూటలో విప్పెయ్యొచ్చు.
సంచుల మూతి విప్పితే
ఇసుక ఇసుకలోకి వెళ్లిపోతుంది.
వలలు మడిచి తీసుకుపోవచ్చు.

ఆ రాత్రి లాంతరు కింద నక్షా పరిచి
ఎనిమిదింటినీ పెన్సిల్‌తో దిద్దాను.
ఆ నలభై ఒక్క మీటర్లు సిరాతో గీశాను.
పక్కన, పాత గోడలకీ పాత బావులకీ
మా వృత్తిలో రాసే మాట రాశాను:
"ముందే ఉన్నది."

కాసేపు చూసి, కొట్టేసి,
"మాది" అని రాశాను.