పంటు మీద కొలత

నాలుగు ఫోన్లు, ఒక లాప్‌టాప్,
ఒళ్ళో తువ్వాలు కప్పిన బ్యాటరీ.
కోటిపల్లి రేవులో పొద్దుట్నుంచి
గోదారి దాటడం ఇది పదకొండోసారి.
"ఏంటండి అమ్మాయిగారూ, అటూ ఇటూ?"
సరంగు మల్లాడి పోలయ్య.
కొలుస్తున్నానన్నాను.
"నీళ్ళా?"
కాదు, చేతులు మారడం.

ఈ ఒడ్డు టవరు వదిలేశాక
ఆ ఒడ్డు టవరు అందుకునేలోపు
మాట ఎంతసేపు ఎవరిదీ కాకుండా ఉంటుందో
అది.

నిరుటిదాకా ఏ టవరు బుర్ర దానికుండేది.
"నువ్వు తీసుకో", "నాకు ఖాళీ లేదు",
నది మీదుగా రెండూ వాదించుకునేవి.
ఇప్పుడు ఆ బుర్రలు ఊడదీసి
రాజమండ్రిలో ఒకే గదిలో పెట్టారు.
ఇక్కడ మిగిలినవి చేతులు,
చెప్పింది చేస్తాయి.
ముప్పై ఎనిమిది మిల్లీసెకన్లు. నలభై ఒకటి. ముప్పై తొమ్మిది.
రెప్ప సగం కూడా పడదు.

"మా లాకులూ అంతేనండి, ఆయ్,"
పక్కన సైకిలు పట్టుకున్న ముసలి లస్కరు ఏసురత్నం.
"షట్టరు నాది, తాళం నాది,
ఎన్నంగుళాలెత్తాలో మాత్రం ధవళేశ్వరం చెప్పాలి.
ఓ తుఫాను రాత్రి ఫోను చచ్చింది.
గట్టు ఉబ్బుతోంది. ఎవర్నడగను?
ఎత్తేశాను.
ఊరు మిగిలింది. మెమో వచ్చింది."

నది మధ్యలో, ఇసకమేట పక్కన,
గీత ఒక్కసారిగా కొండెక్కింది.
రెండువందల పన్నెండు.

అదే క్షణాన రొయ్యల బుట్ట మీద కూర్చున్న వెంకాయమ్మ
ఫోనులోకి అరుస్తోంది:
"మూడొందల ఎంత? భై వినపడింది,
ముందుది పోయింది.
యాభయ్యా? తొంభయ్యా?"

రాజమండ్రి నుంచి కబురు:
కాజులూరు దగ్గర పూడిక తీస్తున్న ప్రొక్లైనరు
కేబులు తెంపింది,
ఆజ్ఞ చుట్టుతిరిగి వచ్చింది.
ఏసురత్నం నవ్వాడు. "కాలవ పనే!"
ఆపైన నవ్వు మానేసి,
"ఆ కాసేపూ టవరు ఏం చేసిందండి?"
కాచుకుని ఉంది.
"ఊరికే?"
ఊరికే.

సగటు యాభై ఆరు. అరవై లోపుంటే పాసు.
కాగితం మీద అంతా పచ్చరంగే.
ఒక అక్షరం మునిగిన చోటికి
గడి లేదు ఫారంలో.

ముక్తేశ్వరం ఒడ్డు తగిలింది.
వెంకాయమ్మ ఇంకా బేరం తేలక
బుట్ట దించనివ్వడం లేదు.
నేను దిగలేదు.
పన్నెండో టికెట్టుకి చిల్లర వెతుక్కుంటున్నాను.