గాలి లెక్క

మా కోర్టుకు గోడల్లేవు.
పడమట కొండల మీద గాలిమరలు తిరుగుతాయే,
అవి తాగి వదిలేసిన గాలంతా
మా బోర్డు మీదికే వచ్చేది.
రెండు రింగుల్లో దక్షిణపుది తుప్పుకు వంగిపోయింది.
ఉత్తరం రింగు ఒకటే, పన్నెండు మందికి.

ఆషాఢంలో వచ్చింది కుళ్ళాయమ్మ మేడమ్,
గుంతకల్లు రైల్వే టీములో పదిహేనేండ్లు ఆడి,
ఒక మోకాలు అక్కడే పోగొట్టుకొని.
మెడలో విజిలు, చేతిలో చీపురు.
"ముందు ఊడ్చండి మే, కాళ్ళ కింద ఏముందో చూద్దాం."
ఊడిస్తే బయటపడింది
సిమెంటులో అడ్డంగా ఒక చీలిక,
ఎప్పుడో చెరిగిపోయిన ఫ్రీత్రో గీత ఉండాల్సిన చోటే.
ఆ పొద్దు నుంచి అదే మా గీత.

నేను పన్నెండోదాన్ని. బీకాం రెండో ఏడు.
బెంచీ మీద కూర్చొని స్కోరుబుక్కు రాసేదాన్ని.
పాత సారు కాలంలో ఓడిన ఆటల పేజీలు చించేసేవాళ్ళం.
ఈమె చించనియ్యలేదు.
"చీటీ చించితే బాకీ తీరుతుందా?" అనింది.
మా అకౌంటెన్సీ లెక్చరరు రెండేండ్లుగా
చెప్పలేకపోయింది అదే.

తర్వాత గాలి నేర్పింది.
గుప్పెడు శెనక్కాయ పొట్టు పైకెగరేసి
ఎంత దూరం పోయి పడిందో చూసి,
"ఈ పొద్దు జానెడు ఎడమకు" అనేది.
ఇంకో పొద్దు బెత్తెడు. శ్రావణంలో ఒకసారి మూరెడు!
సుంకమ్మకు పది రోజుల్లో పట్టుబడింది.
జైతూన్ కండ్లు మూసుకొని, చెవితో కొలిచేది.
నాకు మాత్రం రాలేదు.
రింగు ఎదురుగా కనబడుతుంటే
పక్కకు ఎట్ల వెయ్యాలో నా చేతులకు అర్థం కాదు.
తిన్నగా వేస్తా, గాలి ఎత్తుకుపోతుంది,
ముళ్ళకంపలో బంతి వెతుక్కుంటా.

ధర్మవరంలో పదకొండు పాయింట్లతో ఓడినాం.
తాడిపత్రిలో రెండుతో.
కదిరిలో దుమ్ము లేచింది, గెలిచినాం,
బస్టాండులో ఉగ్గాని బజ్జీ మేడమ్ ఖర్చు.
హిందూపురం వాళ్ళు రానేలేదు.
ఆ గెలుపు రాయబోతే నా చెయ్యి పట్టుకొని
"ఆడనిది యాడ రాస్తావు?" అనింది.
ఆ పేజీ తెల్లగానే ఉంది.

సెమీస్ కడపలో.
నాలుగు గోడలు, చెక్క నేల, పగలే లైట్లు.
బూట్లు కిచకిచమంటే మాకు మేమే ఉలిక్కిపడినాం.
సుంకమ్మ వేసింది, జానెడు ఎడమకు పోయింది.
జైతూన్‌ది జానెడు ఎడమకు.
ఓబుళేశ్వరిది బోర్డుకు కూడా తగల్లేదు.
ఇరవై మూడు వేస్తే పడినవి రెండు.
నా పేజీలో సున్నాలన్నీ
రింగుకు ఒకే పక్క గుంపు కట్టినాయి.

మేడమ్ బుక్కు అడిగి తీసుకుంది.
చాలాసేపు చూసింది.
"గాలి లేని చోట ఎట్లాడాల్నో నాకూ తెలీదు మే,
గుంతకల్లులోనూ ఆరుబయటే."
టీచరు నోట "తెలీదు" వినడం
నాకు అదే మొదలు.

రెండో సగంలో చేతులు మెల్లిగా దారికొచ్చినాయి.
చివరి రెండు నిమిషాలుండంగా
సుంకమ్మకు అయిదో ఫౌలు.
మేడమ్ బెంచీ పొడుగునా చూసింది.
నా చేతిలో పెన్ను లాక్కుంది.

బంతి వచ్చింది.
నాకు వచ్చిందొక్కటే,
తిన్నగా వేసినా.

వల శబ్దం అట్లుంటుందని
అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.
మా ఉత్తరం రింగుకు వలే లేదు.

నాలుగు పాయింట్లతో ఓడినాం.
బస్సులో అందరూ నిద్రపోయినాక బుక్కు తెరిచినా.
నా పేరు పక్కన "2".
వంకరగా ఉంది, మేడమ్ చేతిరాత.
కింద తీసివేతలో ఒక తప్పు కూడా ఉంది.
దిద్దలేదు.

సోమవారం పొద్దున్నే మళ్ళీ చీపురు, మళ్ళీ చీలిక.
తిన్నగా వేసినా.
గాలి ఎత్తుకుపోయింది.
ముళ్ళకంప వైపు నడుస్తాంటే
వెనక నుంచి శెనక్కాయ పొట్టు వచ్చి
నా జడలో పడింది.
"ఎంతుంది చూడు మే?"