చాకలి పద్దు

సోమవారం సోమవారం
బూడిదరంగు లారీలో చొక్కాల మూటలొచ్చేవి,
పికార్డీలో బీట్‌రూట్ చేలు చదును చేసి
జర్మన్లు వేసిన రన్‌వే దగ్గర్నుంచి.
ఓర్తాన్స్ లెక్కపెట్టుకుని దించుకునేది.
లెక్కపెట్టుకోని చాకలి ఉంటుందా ఎక్కడైనా?
సార్జెంటుకి అనుమానం రాలేదు,
పైగా పద్దు కింద సంతకం పెట్టేవాడు.

మనిషికి వారానికి రెండు చొక్కాలు.
బాంబరుకి నలుగురు.
మూడువందల ఇరవై ఎనిమిదిని
ఎనిమిదితో భాగిస్తే నలభై ఒకటి.
బడికెళ్ళింది మూడేళ్ళే;
భాగారం సబ్బుబిళ్ళలు కోస్తూ వచ్చింది.

ఆ నలభై ఒకటిని
పోస్టుమాన్ అన్సెల్మ్ ఉతికిన మేజోళ్ళ మడతలో పెట్టేది.
ఆపైన అది ఎటు పోయేదో తెలీదు.
సముద్రం అవతల ఏ గదిలోనో
ఎవరో దాన్ని ఎర్రసిరాతో ఎక్కించుకుని
నమ్మొచ్చు అని పక్కన రాశారని
ఆమెకెవరూ చెప్పలేదు.

చొక్కాలు ఇంకా చెప్పేవి, ఎవరూ అడగనివి.
కాలరు జిడ్డు: వారం నిద్ర లేదు.
చంకల్లో ఉప్పుచారలు:
అంత ఎత్తున, అంత చలిలో కూడా చెమట.
ఒకడి జేబులో ఎప్పుడూ చెర్రీ గింజలే.
టీడెమాన్ అని లోపల నీలం దారంతో పేరు,
వంకర కుట్టు, వాళ్ళమ్మదై ఉండాలి.
వాడి గుండీ ఒకసారి కుట్టింది.
ఊరికే కాదు, గుండీకి డబ్బులు వేరే.

జూన్‌లో ఒక రాత్రి
ఆమె పంపిన అంకె తిరిగొచ్చింది,
పైనుంచి, మోత పెట్టుకుంటూ.
రన్‌వే మీద పడ్డవి చాలా.
రొట్టెలబట్టీ వీధిలో పడ్డవి మూడు.
బట్టీ సిడోనీ. ఆమె మరిది.
మేడమీద అద్దెకున్న బెల్జియం పంతులమ్మ.
అన్సెల్మ్ సైకిలు దొరికింది, బెల్లుతో సహా.

సోమవారం లారీ వచ్చింది. ఆగలేదు యుద్ధం.
నూట ఎనభై నాలుగు.
కిందటి వారం ఆరేసినవి
తీసుకెళ్ళేవాళ్ళు లేక దండెం మీదే ఉన్నాయి,
నీలం దారం బయటికి తిరిగి.

మధ్యాహ్నం ఊరివాళ్ళొచ్చారు,
పాతిపెట్టేముందు తొడగాల్సిన బట్టలతో.
ఆ మూట ఒక్కటే
లెక్కపెట్టకుండా దించుకుంది.

చీకటి పడ్డాక గేటు దగ్గర కొత్తమనిషి,
అన్సెల్మ్ టోపీ కాదు, వేరే టోపీ.
"ఎన్ని?" అన్నాడు.
ఆమె పొయ్యి కేసి తిరిగింది.
"ఉండు, నీళ్ళు కాగనీ" అంది.