గోటితో పోనిది

పొతోసిలో గాలి పలచన.
ఇక్కడ బతకాలంటే నెత్తురు చిక్కగా ఉండాలి.
సెనోబియా కాగితం మీద తొమ్మిది అన్న అంకెను
కిటికీ వెలుతురులో పెట్టి
మళ్ళీ చదివాను.

రాత్రి బస్సు నడుపుతుంది తను,
ఉయునీ దాకా, ఉప్పు మైదానం అంచు దాకా.
పదకొండేళ్ళుగా అదే సీటు.
దాని మీద ఉన్ని దిండు, దిండు మీద ఇంకో దిండు.
ఎత్తు చాలక, అని ప్రయాణికులకి చెబుతుందట.

మొదటిసారి వచ్చినప్పుడు
నాణెమంత మరక అంది, తల దించుకుని.
గోటితో పోయేదానికి గొడ్డలెందుకనుకున్నాను.
నీళ్ళు బాగా తాగు, ఊక తీయని గింజలు తిను, ముక్కకు,
వస్తే ఆపుకోకు.
నవ్వింది.
"డాక్టరమ్మా, ఆ దారిలో మరుగుదొడ్డి ఎక్కడుంది?
చీకటుంది, ఈదరగాలుంది,
బస్సు నిండా నలభై మంది ఉన్నారు."
నీళ్ళు తాగనిది అందుకేనని
అప్పుడు గాని నాకు తట్టలేదు.

రెండోసారి రబ్బరు ఉంగరం బిగించాను.
మూడోసారీ బిగించాను.
వేలితో నెడితే లోపలికి పోయేవి అప్పట్లో.
ఈ ఏడు వేలు ఓడిపోయింది.

నొప్పి ఎంత అంటే
"రెండో గేరంత" అంటుంది.
అదేం కొలతో నాకు తెలీదు, రాసుకున్నాను.

పేగంతా గొట్టంతో చూశాను ముందు.
ప్రతి ఎర్ర మరకా మొలలదే కానక్కర్లేదు,
వాటి చాటున ఇంకేదో నక్కి ఉండొచ్చు.
లేదు. ఆ రాత్రి నేను నిద్రపోయాను.

కోస్తే ఏమవుతుందో దాచలేదు:
మొదటి వారం గాజుపెంకులు,
నెల్లాళ్ళు స్టీరింగ్ ముట్టుకోకూడదు,
ఎక్కడో ఒకరికి పట్టు సడలి మళ్ళీ రాదు.
కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథ
ఆమెకంటే నాకే ఎక్కువ తెలుసు,
ఊడిన నాలుకలు నా గుమ్మం ముందుకే వస్తాయి.

అందుకే నాన్చాను.
పరిమాణం చూసి కాదు, నొప్పి చూసీ కాదు,
మరి దేన్ని చూసి?

తనే చెప్పింది, షాలు అంచు మెలిపెడుతూ:
"మొన్న మంగళవారం పై మలుపులో
కళ్ళు మసకేశాయి.
మూడు లెక్కపెట్టేలోపు మళ్ళీ వెలుగొచ్చింది.
వెనక అందరూ నిద్రలో ఉన్నారు.
ఒక్క పిల్ల మాత్రం మేలుకుని
అద్దంలో నన్నే చూస్తోంది."

తేదీ రాశాను.
నెత్తురు రెండు సీసాలు కావాలని కింద రాశాను.
కుర్చీ ముందుకు జరిపాను.
వద్దంది,
నిలబడే సంతకం పెట్టింది.