నోటి కొలత

ఒస్త్రావాలో ఎనిమిదో అంతస్తు.
బొగ్గుగనిలోంచి పైకొచ్చి రిటైరైన మనిషికి
మళ్లీ ఓ చీకటి కావలసివచ్చింది కాబోలు,
ఒతాకర్ సగం గదికి నీళ్లు కట్టాడు.
తొమ్మిది వందల లీటర్లు.
కింది ఇంటావిడ తన పైకప్పుకేసి చూస్తూ సూప్ తాగుతుంది.

వచ్చినప్పుడు వాలుగ నా వేలంత.
ఎర్రతోక, ఆరు మీసాలు,
ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు.
"ఒంటరిగా బెంగపడతాడు" అని
పన్నెండు నియాన్ చేపలు తెచ్చి వదిలాడు.
తెల్లారేసరికి బెంగ తీరింది.

మింగ మెతుకు లేనివాడికి మీసాలకు సంపెంగనూనె.
వీడికి ఆ మీసాలే మెతుకును వెతికిపెడతాయి.

కొట్లో వ్లాస్తా, రొయ్యల వాసన వేళ్లతో, టేపు తీసింది:
"రంగు చూడకు. కోపం చూడకు.
కడుపు నిండిందా అని అసలే అడగకు.
నోరెంత తెరుస్తాడో కొలుచుకో,
అందులో పట్టనివాళ్లనే తోడు తీసుకెళ్లు.
వచ్చే ఏటి నోరు కూడా లెక్కేసుకో."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఇక్కడ నోరు చాలకపోతేనే ఊరు.

నిలబెట్టిన వెండి పళ్లేల్లాంటి చేపలు ఐదు వచ్చాయి.
అవి మలుపు తిరిగితే వంటగది గోడమీద వెలుగు తిరిగేది.
వాటి వెనక, పాచి నాకే ముళ్లజెల్ల ఒకటి.
"ఒళ్లంతా కవచం. దీన్నెవడు ముట్టుకుంటాడు?"

ఫిబ్రవరిలో, పాత షిఫ్టు వేళకి, మూడున్నరకి,
ఒతాకర్ కేక విని లేచాను.
వాలుగ నోట్లోంచి తోక.
లోపల ముల్లు విప్పుకుని అడ్డం పడ్డ జెల్ల.
వాడు మింగలేడు, కక్కలేడు.
పైజమా చొక్కా భుజాలదాకా తడిసి
కూలిన దూలం కింద మనిషి కాలు తడుముతున్నట్టు
మెల్లగా, మెల్లగా,
"ఊపిరి తీసుకో, ఇంకొంచెం, ఊపిరి తీసుకో..."
పిలిచిన పేరు మాత్రం చేపది కాదు.
నేనడగలేదు. వంటింటి కత్తెర అందించాను.

ముల్లు తెగింది. రెండూ బతికాయి.
జెల్ల ఇప్పుడు మా స్నానాల తొట్టిలో ఉంది,
మేం వారంగా బకెట్టుతో సరిపెట్టుకుంటున్నాం.
శనివారం వ్లాస్తా మళ్లీ టేపుతో వస్తుందట.

ఆయన గాజు ముందు కుర్చీ వేసుకుని
షిఫ్టు దిగాక మనుషుల్ని లెక్కపెట్టినట్టు
పళ్లేలు లెక్కపెడుతున్నాడు.
ఒకటి, రెండు. మూడు. నాలుగు.
మళ్లీ మొదటినుంచి.

ఐదోది దుంగ వెనక ఉంది.
చెప్పాను.