ఇరవయ్యో పేరు

మొదటి పదకొండు పేర్లూ నేను రాయలేదు,
అవే వచ్చి కూర్చున్నాయి కాగితం మీద.
పద్నాలుగు దాకా పెన్ను ఆగలేదు.
పదిహేడు దగ్గర టీ చెప్పాం.
పందొమ్మిది దగ్గర బెర్నార్డు మాస్టారు
కళ్ళజోడు తీసి బనీను అంచుతో తుడుచుకున్నారు.
ఆ తర్వాత ఫ్యాను చప్పుడు ఒక్కటే.

జ్ఞానాపురంలో చర్చి వెనకాల గది.
కిటికీ మూసినా పోర్టు బొగ్గు లోపలికొచ్చి
బల్ల మీద పలచగా పరుచుకుంటుంది.
ఆ నలుపులో వేలితో మైదానం గీశారు మాస్టారు,
ఎడమ పక్కన ఒక చుక్క పెట్టి
దాన్నే చూస్తూ ఉండిపోయారు.

కడపకి ఇరవై రెండు బెర్తులు.
మాస్టారూ నేనూ పోను ఇరవై.

ఆ చుక్క గరికిన నూకరాజు అవ్వొచ్చు.
జాలరిపేట. తెల్లారగట్ల పడవ దిగి
కాళ్ళకి ఇసకతోనే ప్రాక్టీసుకి వస్తాడు.
వారంలో రెండ్రోజులు ఆలస్యం, ఒకరోజు అసలు రాడు.
వచ్చిన రోజు మాత్రం
ఆ ఎడమ కాలు, ఎలా చెప్పను,
వల విసిరినట్టు విసురుతుంది బంతిని.
ముందు విప్పారి, గాల్లో కాస్త ఆలోచించి,
చేప ఎక్కడుందో తెలిసినట్టు వాలుతుంది.

లేదా ఎలీషా అవ్వొచ్చు.
ఎక్కడ పెట్టినా ఆడతాడు,
ఎక్కడా గొప్పగా ఆడడు.
కరివేపాకు అంటారు కుర్రాళ్ళు వాణ్ణి.
పోపులో వేశాకే కదరా తీసి పారేస్తారు, అంటారు మాస్టారు.
కిందటేడు వానలో గోలీ వేలు విరిగితే
తనది కాని గ్లవుజులు తొడుక్కుని
ఇరవై రెండు నిమిషాలు నిలబడ్డాడు.
ఒక్క గోలే వదిలాడు.
దానికీ మూడు రోజులు అందరికీ సారీ చెప్పాడు.

"ఆడేవాణ్ణి ఆటే ఎంచుకుంటుందోయ్,
ఆడనివాణ్ణి మనం ఎంచాలి" అన్నారు మాస్టారు.
ఆరు రోజులు ఖాళీగా కూర్చోబెట్టి
ఏడో రోజు ఆఖరి నిమిషంలో లేవమంటే
మొహం మాడ్చుకోకుండా లేసు కట్టుకునేవాడు.
నూకరాజు కూర్చోలేడు.
సముద్రం మీద పుట్టినవాణ్ణి
బెంచీ మీద ఎలా కూర్చోబెడతాం?

ఇంకో సంగతి, ఎక్కడా రాయనిది.
ఇరవయ్యో జెర్సీ ముందే కుట్టించేశాం, మీడియం.
నూకరాజు భుజాలకి పట్టదు.
దాన్నిబట్టి తేల్చామని అనను.
అది మా ఇద్దరికీ గుర్తులేదనీ అనను.

మూడో టీ చల్లారాక రాశాను.

తెల్లారి రైల్వే గ్రౌండు గేటుకి
మైదా జిగురుతో అంటించాను కాగితం.
నమ్మకం ఉన్నవాళ్ళు జాబితా చదవరు,
పక్కవాడు చెప్తాడు వాళ్ళకి.
అంచున ఉన్నవాళ్ళు కింది నుంచి పైకి చదువుతారు.
నూకరాజు ఇరవై నుంచి ఒకటి దాకా వెళ్ళాడు,
ఒకటి నుంచి మళ్ళీ ఇరవైకి దిగాడు.
"నేదు" అన్నాడు. ఎవరితోనో తెలీదు.
ఎలీషా నా చొక్కా పట్టుకుని మెల్లిగా అడిగాడు:
"సార్, ఇంకో ఎలీషా ఎవడైనా ఉన్నాడా?"

షిప్‌యార్డు సైరను మోగింది.
నూకరాజు చెప్పులు విడిచి
కుడి మూల జెండా దగ్గర బంతి పెట్టాడు.
ఎడమ కాలు.
బయటికి పోతున్నట్టే పోయి
రెండో స్తంభం లోపలి చెంప తాకి వల్లో పడింది.
గోలీ లేడు. మ్యాచీ లేదు.
లెక్కలోకి రాని గోలు.
మాస్టారు సరిగ్గా అప్పుడే
కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

వాడే వెళ్ళి బంతి తెచ్చాడు.
మిగతావీ ఏరి సంచిలో వేసి,
మూతికి తాడు బిగించి,
పడవని గుంజకి కట్టే ముడి వేసి,
చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

కడపలో ఆ ముడి విప్పడానికి
ఎలీషాకి పది నిమిషాలు పట్టింది.
కోసెయ్యరా అంటే
కొయ్యలేదు.