నాలుగున్నర అడుగుల పాటు

నెల్లిమర్ల రేకుల హాల్లో
పైన చిన్న గదిలో పదకొండేళ్లు
ఆ మనిషి పడుతుంటే చూశాను.
గోడలో జానెడు కన్నం.
అందులోంచి వెలుగు వెళ్లేది, నవ్వు వచ్చేది.

తెర మీద పేరు దభేలు.
మిల్లు హాజరు పుస్తకంలో మాత్రం కోరాడ పైడయ్య,
బేళ్లు మోసే జట్టు, రెండో షిఫ్టు.
నారబేళ్ల మీంచి పడ్డం అక్కడే పట్టుబడిందంటారు:
ముందు ఎడమ భుజం, తర్వాత నడుం,
ఆఖర్న తీరిగ్గా టోపీ.
అదే పాటుకి మద్రాసులో డబ్బులిచ్చారు.

సెకండ్ షోకి జుట్టులో జనపనార పీచుతో వచ్చేవాళ్లు.
ఆయన సబ్బునీళ్ల వైపు అడుగేస్తే చాలు
నేల క్లాసు ముందే లేచి నిలబడేది,
"ఒరే, పడిపోతన్నాడ్రోయ్ మనోడు!"
ఒక మనిషి పడితే ఊరంతా లేవడం
నేనింకెక్కడా చూళ్లేదు.

తర్వాత వచ్చిన సినిమాలో టీ సీను.
సాసర్లో కప్పు టకటకా కొట్టుకుంటుంది.
హాలు హాలంతా పొట్ట పట్టుకుంది.
మొదటి రోజు నేనూ నవ్వాను.
నాలుగో రోజు మ్యాట్నీలో కనిపించింది,
కప్పు ఎవరో తీసుకెళ్లిపోయాక,
హీరో ఏదో మాట్లాడుతుంటే,
తెర కుడి మూల
ఆ చెయ్యి ఇంకా వణుకుతోంది.
జోకు అయిపోయిందని దానికెవరూ చెప్పలేదు.

మరుసటేడు నిచ్చెన ఎక్కలేదు,
కింద నిలబడి పట్టుకున్నాడు.
ఆ పై ఏడు కుర్చీలో కూచుని
ఇంకొకడు పడితే కళ్లు మిటకరించాడు.
చివరి సినిమాలో పడ్డాడు గానీ, పడింది ఆయన కాదు.
డూపుకి కుడి భుజం ముందు తగిలింది,
టోపీ దారిలోనే ఊడింది.
ఎవడో ఈల వెయ్యబోయి ఊరుకున్నాడు.
చీకట్లో అన్ని బీడీలు ఒక్కసారి వెలగడం
అదే మొదలు.

నా జర్దా డబ్బాలో ఒక ముక్క ఉండేది,
ఎప్పుడో పాత రీలు తెగితే దాచుకున్నది.
డెబ్బై రెండు ఫ్రేములు, మూడు సెకన్లు,
నాలుగున్నర అడుగులు.
ఆయన కంటే అరడుగు పొట్టి.
రాత్రి డూపుని కత్తిరించి
ఆ ముక్క అతికించాను.

తెల్లచొక్కాతో జారాడు,
గళ్లచొక్కాతో పడ్డాడు,
తెల్లచొక్కాతో లేచాడు.
ఎవడూ అడగలేదు.
రేకులు అదిరిపోయాయి.

పదో రోజున ఆయనే వచ్చాడు.
మెడకి మఫ్లరు, చేతిలో గొడుగు,
బెంచీ టికెట్టు కొన్నా గేటు దగ్గర గుర్తుపట్టలేదట.
ఇంటర్వెల్లో మెట్ల మీద చప్పుడు:
ఒక అడుగు,
చాలాసేపు ఏమీ లేదు,
ఒక అడుగు.
పద్నాలుగు మెట్లు. నేను కార్బన్ కడ్డీలు మార్చేసరికి
ఆయనింకా తొమ్మిదో మెట్టు మీదే.

గుమ్మం పట్టుకుని ఊపిరి కూడదీసుకుని
"ఏటి బావూ,
ఆ గళ్లసొక్కా నాను అమ్మీసి ఆరేళ్లయింది గదా,
మళ్లీ ఎవులు తొడిగినారు నాకు?"

కత్తెర బల్ల మీదే ఉంది. దాచలేదు.
ఆయనా తిట్టలేదు. స్టూలు మీద కూచుని
సెకండ్ షో దాకా ఉంటానన్నాడు.
"సెట్లో ఎవులూ నవ్వరు బావూ,
సప్పుడు సెయ్యకూడదు.
పడీసి, లేసి, బట్టలు దులుపుకోడమే."

ఆ సీను వచ్చినప్పుడు
కన్నానికి కన్ను పెట్టలేదు,
చెవి పెట్టాడు.

దిగేటప్పుడు చెయ్యిస్తే వద్దన్నాడు.
పసిపిల్లాడిలా కూచుని కూచుని
ఒక్కో మెట్టే దిగాడు.
సైకిల్ స్టాండు గుంటడు చూసి కిసుక్కుమన్నాడు.
నేను కేకెయ్యబోయాను.
ఆయన ఆగి, తల మీద లేని టోపీ తీసి
గుంటడి వైపు ఊపాడు.

శుక్రవారం పెట్టె పార్వతీపురం వెళ్లిపోయింది.
ఆ ముక్క తియ్యలేదు.
డూపు పడిన ముక్క నా డబ్బాలోనే ఉంది.
అప్పుడప్పుడూ దీపం ముందు పట్టుకుని చూస్తాను.
మొహం కనపడదు.
పాపం, అతనెవడో,
అతనూ నిజంగానే పడ్డాడు.